మొదటి బిల్లు పుట్టిన వేళ

అచ్చయ్య గారి యార్డులో ఒక లారీ కాటా ఎక్కకముందే గేటు దాటి వెళ్ళిపోయింది. డ్రైవరు తప్పేమీ లేదు, లారీలో ఉన్న సున్నపురాయి తప్పు అంతకన్నా లేదు. కాటా చీటీ మీద ఒక టైము, బిల్లు మీద ఒక టైము, గేటు పాసు మీద ఇంకో టైము అచ్చయి ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెట్టి చదివితే, లారీ ముందు గేటు దాటింది, తర్వాత బిల్లు పుచ్చుకుంది, ఆ తర్వాత తీరిగ్గా వచ్చి తూకానికి నిలబడింది. రాయి కొనే ఫ్యాక్టరీ వాళ్ళు ఆ మూడు కాగితాలనూ గుండుసూదితో గుచ్చి, ఒక్క మాట కూడా రాయకుండా వెనక్కి పంపారు. తిట్టి పంపినా బాగుండేదని అచ్చయ్య గారికి అనిపించింది.

తెలీబంధా చెరువు దాటాక రోడ్డు పక్కన ఉంది ఆ యార్డు. రావులపాలెం దగ్గర పుట్టి, రాయ్‌పూర్ వచ్చి, రాయి అమ్ముకుని శంకర్ నగర్‌లో మేడ కట్టిన మనిషి ఆయన. పక్క యార్డు సేఠ్ రెండు కంప్యూటర్లు కొన్నాడని తెలిసి, తను మూడు కొన్నాడు. కాటా గదిలో ఒకటి, బిల్లుల గదిలో ఒకటి, గేటు దగ్గర ఒకటి. మూడింటినీ నల్లటి కేబుల్‌తో కలిపించాడు. కొన్నాక వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలని తెలిసింది. అలా వచ్చాడు సూరిబాబు.

సూరిబాబుది రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. తండ్రి సత్తిరాజు అక్కడి వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. కొడుకు కూడా అప్రెంటీసు పరీక్ష రాసి, అదే షాపులో చేరి, అదే క్వార్టర్ల వరసలో కాపురం పెట్టాలని ఆయన కోరిక. కొడుకేమో కంప్యూటరు కోర్సు చేసి, ఆ తెరల వెలుగులో ఏదో స్వర్గం చూసుకున్నాడు. ఒక్క నెల గడువు అడిగాడు. నెలలో ఉద్యోగం ఖాయమైతే కంప్యూటర్లు, కాకపోతే వ్యాగన్లు. అచ్చయ్య గారు కూడా ఒక్క నెలే చూస్తానన్నారు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య సూరిబాబు ప్రాణం నెలరోజుల మీద వేలాడుతోంది.

వెనక్కి వచ్చిన కాగితాలు చూసి సూరిబాబు లోలోపల సంతోషించాడనే చెప్పాలి. ఎందుకంటే ఆ జబ్బుకి మందు అతనికి తెలుసు. ఏ కంప్యూటరు గడియారం దానిది. ఒకటి కొంచెం పరిగెడుతుంది, ఒకటి కొంచెం కునుకుతుంది. నెలలు గడిస్తే ఆ కొంచెమే పెద్దదవుతుంది. అందుకని మూడింటిలో ఒకదాన్ని పెద్దగా నిలబెట్టి, మిగతా రెండూ ఆన్ అయినప్పుడల్లా దాన్నడిగి దాని టైమే పెట్టుకునేలా చేస్తే సరిపోతుంది. బిల్లుల గది కంప్యూటరుకి యూపీఎస్ ఉంది, కరెంటు పోయినా ఆరదు. కాబట్టి అదే పెద్ద. టెలిఫోను వాళ్ళ టైము చెప్పే నంబరుకి ఫోన్ చేసి, అందులో హిందీలో పలికే ఆవిడ గొంతు వింటూ ఆ పెద్ద కంప్యూటరు గడియారం సరిచేశాడు. మిగతా రెండింటిలో, పొద్దున్నే పెద్దదాన్ని టైము అడగమనే ఆజ్ఞ రాసిపెట్టాడు.

రెండు రోజులు మూడు గదుల్లోనూ ఒకటే టైము. కాటా చూసే అప్పారావు తన గదిలోంచి, గేటు దగ్గరి బిసాహూ తన గదిలోంచి కేకలేసుకుని మరీ సరిచూసుకున్నారు. సూరిబాబు ఇంటికెళ్ళి అమ్మ రమణమ్మతో ఉద్యోగం ఖాయమైపోయినట్టే చెప్పాడు. ఆవిడ ఆ పూటే సేమియా చేసింది.

మూడో రోజు గేటు కంప్యూటరు ముప్పావు గంట ముందుకి వెళ్ళిపోయింది.

"మోర్ కా గల్తీ హే బాబూ, మైనే తో ఛువా భీ నహీ" అన్నాడు బిసాహూ, రెండు చేతులూ పైకెత్తి.

అతను ముట్టుకోలేదని సూరిబాబుకీ తెలుసు. కాసేపటి ముందు కరెంటు పోయి వచ్చింది. గేటు కంప్యూటరు మళ్ళీ లేచి, బుద్ధిగా పెద్దదాన్ని టైము అడిగి పెట్టుకుంది. కానీ వెళ్ళి చూస్తే పెద్దదాని టైము బాగానే ఉంది, కాకపోతే నాలుగైదు నిమిషాలు తేడా. అడిగింది సరైనవాణ్ణే, అడిగినప్పుడు జవాబు తప్పు, ఇప్పుడు చూస్తే జవాబు ఒప్పు. సూరిబాబు బుర్ర గోక్కున్నాడు. లోపలి బ్యాటరీ పాతదై ఉంటుందనుకుని కొత్తది వేశాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్ళీ తప్పింది. ఇంకో బ్యాటరీ వేశాడు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ తప్పింది. రోజూ తప్పితే ఏదో ఒకటి పట్టుకోవచ్చు. ఇది చుట్టం చూపుగా వచ్చి పోయే జబ్బు.

ఫ్యాక్టరీ నుంచి ఇంకో మూడు కాగితాలు గుండుసూదితో సహా వచ్చాయి. అచ్చయ్య గారు సూరిబాబుని పిలిచారు.

"ఏవయ్యా, మన లారీలేమన్నా దెయ్యాలా? తూకం అవకుండానే గేట్లోంచి పోతన్నాయి. సోమవారం వాళ్ళ ఇన్‌స్పెక్టరొచ్చి దగ్గరుండి చూస్తాడంట. ఈసారి తేడా వస్తే మాల్ బంద్ అన్నాడు. మాల్ బందైతే నువ్వూ బందే. ఆయ్, ముందే చెప్తన్నాను, తర్వాత బాధపడకు."

ఇంటికెళితే అక్కడ ఇంకో కచేరీ.

"మా షాపులో భోంపూ కూసిందంటే కాలనీ మొత్తానికి ఒకటే టైమురా. మూడంటే మూడు డబ్బాలు. వాటికొక్క టైము పెట్టలేకపోతన్నావేటి?" అన్నాడు సత్తిరాజు, కాళ్ళు కడుక్కుంటూ. "అప్రెంటీసు పరీచ్చకి ఇంకా టైముంది. ఆలోచించుకో."

"గుంటణ్ణి ముందు తిన్నీయండి" అంది రమణమ్మ. ఆ రోజు సేమియా లేదు.

గురువారం సూరిబాబు అందరికన్నా ముందే యార్డుకి వచ్చాడు. కేబుల్ ఎక్కడైనా వదులైందేమో చూద్దామని బిల్లుల గదిలో టేబులు కిందికి దూరాడు. దుమ్ములో బోర్లా పడుకుని కనెక్షను బిగిస్తుండగా తలుపు తెరుచుకుంది. భ్రమరాంబ గారు వచ్చారు.

ఈవిడ గురించి చెప్పాలి. తణుకు వైపు నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చి, ఈ యార్డు రేకుల షెడ్డుగా ఉన్నప్పటినుంచీ లెక్కలూ బిల్లులూ చూస్తున్న మనిషి. పొద్దున్న అందరికన్నా ముందు వచ్చేదీ, సాయంత్రం తాళం వేసేదీ ఆవిడే. అచ్చయ్య గారు ఎవరిమీదనైనా అరుస్తారు గానీ ఆవిడ గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం గొంతు సవరించుకుని వెళ్తారు.

టేబులు కింద మనిషి ఉన్నాడని ఆవిడకి తెలియదు. చెప్పులు విడిచింది. దేవుడి పటానికో అగరువత్తి, కంప్యూటరుకో అగరువత్తి వెలిగించింది. స్విచ్చు నొక్కి, కుర్చీలో కూర్చుని, సంచీలోంచి పంచాంగం తీసింది. పేజీ తిప్పుతూ, "ఇవాళ తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా... ఓరి నాయనో" అని గొణుక్కుంది. తర్వాత కీబోర్డు మీద టకటకమని శబ్దం. సూరిబాబు టేబులు అంచు పక్కనుంచి తల బయటికి పెట్టి పైకి చూశాడు. తెర మీద గడియారం కనిపించింది. తొమ్మిదీ నలభై కావలసింది, ఆవిడ చేతుల్లో పదకొండూ ఐదు అయింది. ఆ వెంటనే, నిన్న తూకమై ఆగిపోయిన లారీ పేరున, రోజులో మొదటి బిల్లు ప్రింటరులోంచి గరగరమంటూ బయటికి వచ్చింది.

సూరిబాబు లేవబోయి టేబులుకి తల కొట్టుకున్నాడు.

భ్రమరాంబ గారు కిందికి చూసింది. ఉలిక్కిపడితే పడిందేమో గానీ బయటపడలేదు. "చెప్పులు తొక్కకు నాయనా" అంది.

"అమ్మగారూ, టైము మీరు మారస్తన్నారా?"

"మారిస్తే ఏం? వర్జ్యంలో మొదటి బిల్లు కొట్టమంటావా?"

పంచాంగంలో వర్జ్యమని రాసి ఉన్న గంటన్నరలో మంచిపని ఏదీ మొదలుపెట్టకూడదు. వ్యాపారానికి రోజులో మొదటి బిల్లు కన్నా మంచిపని ఏముంటుంది? బిల్లులు చేత్తో రాసిన రోజుల్లో ఆవిడ వర్జ్యం దాటిన టైము వేసి రాసేది. ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కంప్యూటరు వచ్చాక అది తన టైము తనే వేసుకుంటానంది. అందుకని ఆవిడ దాని గడియారం ముందుకి జరిపి, మొదటి బిల్లు కొట్టి, మళ్ళీ గోడ గడియారం చూసి వెనక్కి పెట్టేది. గోడ గడియారం నాలుగైదు నిమిషాలు ముందే ఉంటుంది. ఈ లోపల కరెంటు పోయి ఏ కంప్యూటరైనా మళ్ళీ లేచి టైము అడిగిందంటే, దాని ఖర్మ.

సూరిబాబుకి రెండు బ్యాటరీలూ కళ్ళముందు మెదిలాయి. కోపం రావాలి, నవ్వు వచ్చింది. నవ్వితే ఆవిడ ఏమంటుందోనని దుమ్ము దులుపుకున్నాడు.

"అసలు టైమెంతో దేవుడికి తెలీదా అమ్మగారూ?"

"దేవుడికి తెలుసు. బిల్లుకి తెలీదు. దాని మీద అచ్చయిందే దాని పుట్టిన వేళ" అంది ఆవిడ, రెండు రెళ్ళు నాలుగన్నంత ధీమాగా.

సూరిబాబు కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి ఎలా అడుగుతాయో, ఆవిడ జరిపిన గడియారం గేటు దాకా ఎలా పాకుతుందో, సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పాడు. తన నెల గురించీ, నాన్న గురించీ కూడా చెప్పాడు.

భ్రమరాంబ గారు కంప్యూటరు ముందరి అగరువత్తి బూడిద దులిపింది. తన చేతిచలవ వల్లే యార్డు పచ్చగా ఉందని ఇన్నేళ్ళూ నమ్మిన మనిషి. లారీలని దెయ్యాలు చేసింది తనేనని తెలిసి మొహం చిన్నబోయింది.

"సరే. ఇక గడియారం ముట్టుకోను" అంది చివరికి. "కానీ ఈ సంగతి అచ్చయ్య గారికి చెప్పకు. నామోషీగా ఉంటుంది."

"చెప్పనండి."

"ఒట్టు?"

"ఒట్టండి."

ఆవిడ పంచాంగం మళ్ళీ తెరిచి సోమవారం పేజీ చూసింది. ముఖం ఇంకా చిన్నబోయింది. ఆ రోజు పదింటికి ఆఫీసు తెరిచేసరికి వర్జ్యం కూడా తెరుచుకుని కూర్చుంటుంది. "తిన్నగా ఇన్‌స్పెక్టరొచ్చే పూటే వచ్చింది చూశావా" అని పంచాంగం మూసి సంచీలో పెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం అప్పారావు సైకిలు మీద సూరిబాబు ఇంటికి వచ్చాడు. "రేపు ఎనిమిదింటికల్లా రమ్మంది బిల్లులమ్మ. అందర్నీ రమ్మంది. బిసాహూ, లారీ డ్రైవర్లు, రాయెత్తే కూలోళ్ళు, ఆఖరికి అచ్చయ్య గార్ని కూడా. ఏటో మరి, ఏమడిగినా చెప్పదు." సూరిబాబుకి అర్థమైంది. గడియారాన్ని జరపనని మాటిచ్చిన మనిషి, ఊరిని జరుపుతోంది.

సోమవారం ఎండ ఇంకా పసుపుగా ఉండగానే యార్డులో లారీ ఇంజను మోగింది. కూలీలు ఆవులిస్తూ రాయి ఎత్తారు. అచ్చయ్య గారు స్నానం చేసి, దువ్వని జుట్టుతో, ఎందుకు వచ్చారో తెలియక అటూ ఇటూ తిరిగారు. భ్రమరాంబ గారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. మొదటి లారీ కాటా ఎక్కింది, దిగింది. వర్జ్యానికి బోలెడంత ముందే మొదటి బిల్లు ప్రింటరులోంచి వచ్చింది. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని ఇచ్చింది. గేటులో బిసాహూ పాసు కొట్టాడు. మూడు చీటీలూ ఒకదాని వెనక ఒకటి, బడికి వెళ్ళే పిల్లల్లా వరసగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఆ లారీ వెళ్ళిపోయింది. ఆయన దాని చీటీలు చూసి, నమ్మకం కుదరక, "దూస్రీ గాడీ నా సామ్నే చేయండి" అన్నాడు, వచ్చీరాని తెలుగు కలిపి. చేతి గడియారం విప్పి అరచేతిలో పట్టుకుని, రెండో లారీ వెంట కాటా దగ్గర్నుంచి నడిచాడు. కాటా చీటీ సరిపోయింది. బిల్లు సరిపోయింది. లారీ గేటు వైపు కదిలింది. అప్పుడు కరెంటు పోయింది.

అచ్చయ్య గారు తల పట్టుకున్నారు. సూరిబాబుకి మాత్రం ఇంకో భయం. పరుగున బిల్లుల గది గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాడు. యూపీఎస్ కుయ్‌మంటోంది. భ్రమరాంబ గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కీబోర్డుకి ఆమడ దూరంలో కూర్చుని ఉంది. అతని వైపు చూసి, ముట్టుకోలేదన్నట్టు అరచేతులు చూపించింది.

కరెంటు వచ్చింది. గేటు కంప్యూటరు లేచి, కళ్ళు నులుముకుని, పెద్దదాన్ని టైము అడిగింది. పాసు బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు అరచేతిలోని గడియారం చూసి, పాసు చూసి, మళ్ళీ గడియారం చూశాడు. "బఢియా" అన్నాడు. ఆ తర్వాత సమోసాలు తిన్నాడు, చాయ్ తాగాడు, మాల్ పంపించమని చెప్పి వెళ్ళిపోయాడు.

సూరిబాబు ఉద్యోగం ఖాయమైనట్టేనని మీరనుకుంటారు. అతనూ అనుకున్నాడు. అచ్చయ్య గారు వ్యాపారస్థుడు, అంత తేలిగ్గా అనుకోరు. సూరిబాబుని బిల్లుల గదిలోకే పిలిచి అడిగారు.

"బాగానే ఉంది గానీ, ఇంతకీ జబ్బేంటయ్యా?"

సూరిబాబు నోరు తెరిచాడు. పక్కన భ్రమరాంబ గారు బిల్లులు సర్దుతోంది. నోరు మూశాడు.

"అదేనండి, మరి... సరైపోయిందండి."

"సరైపోయిందని నాకూ తెలుసు. ఎందుకు పోయింది, ఎందుకు సరైంది? బ్యాటరీ అన్నావు. మార్చావు. మళ్ళీ బ్యాటరీ అన్నావు. మళ్ళీ మార్చావు. ఇవాళ దానంతటది బాగుపడింది. రేపు దానంతటది పాడైతే?"

"పాడవదండి."

"ఎలా చెప్తావు?"

సూరిబాబు నేల చూపులు చూశాడు. ఒక్క మాట చెబితే బయటపడతాడు. ఆ ఒక్క మాటే చెప్పనని ఒట్టు వేశాడు. కళ్ళముందు వర్క్‌షాపు గేటు, దాని వెనక తుప్పు పట్టిన వ్యాగన్ల వరస కనిపించాయి. "తెలీదండి" అన్నాడు.

అచ్చయ్య గారు నిట్టూర్చారు. "చూడు బాబూ, నువ్వు మంచోడివే. కానీ జబ్బు తెలీని డాక్టర్ని నేనెలా ఉంచుకోను? నెలాఖరుకి..."

"ఆ అబ్బాయికి తెలుసండి" అంది భ్రమరాంబ గారు.

లేచి నిలబడింది. బిల్లుల కట్ట ఇంకా చేతిలోనే ఉంది. "నేను చెప్పొద్దన్నానని చెప్పట్లేదు. వాడు సరిగ్గా పెట్టిన టైముని, పొద్దున్న వర్జ్యం పడ్డ రోజునల్లా తోసేసింది నేనండి. అందులో మొదటి బిల్లు పడకూడదని." అని మొత్తం చెప్పేసింది. గొంతు తగ్గించలేదు, తల వంచలేదు. గుమ్మంలో అప్పారావు, బిసాహూ నిలబడి వింటున్నా ఆగలేదు. సూరిబాబుకి ఆ క్షణాన ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అచ్చయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. అరుస్తారని అందరూ చూశారు.

"చేత్తో రాసిన రోజుల్లో కూడానా?" అన్నారు మెల్లగా.

"అప్పట్నించేనండి. మీ మొదటి బిల్లు ఒక్కటి కూడా వర్జ్యంలో పడలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

రేకుల షెడ్డు యార్డు కావడమూ, యార్డు మేడ కావడమూ తన తెలివి వల్లేనని ఆయన ఇంతకాలం ఊళ్ళో చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ తెలివిలో ఎంత వాటా తగ్గిందో లెక్కేసుకుంటున్నట్టు పైకప్పు వంక చూశారు. కళ్ళు చెమర్చాయి. పైకి మాత్రం దగ్గారు.

"మరి నాకో మాట చెప్పొచ్చు కదండీ భ్రమరాంబ గారూ. నేనేమన్నా వర్జ్యం వద్దంటానా? రేపట్నించి గడియారం జోలి ఈ కుర్రాడిది. ఎవరూ ముట్టుకోడానికి లేదు, నేను కూడా. యార్డు ఎన్నింటికి తెరవాలన్నది మీది. మీరెప్పుడు రమ్మంటే అప్పుడొస్తాం." సూరిబాబు వైపు తిరిగారు. "నువ్వు ఉండిపోవయ్యా. నెల లేదు, గిల లేదు."

ఆ సాయంత్రం సూరిబాబు సైకిలు కాలనీ దాకా తొక్కాడో, అదే పరిగెత్తిందో అతనికి గుర్తు లేదు. సత్తిరాజు గుమ్మం ముందు మంచం వాల్చుకుని కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఉజ్జోగం ఖాయం చేసీసినారు."

సత్తిరాజు, కొడుకు కోసం తను మనసులో కట్టుకున్న క్వార్టరు ఇంకెవరికో ఇచ్చేస్తున్నట్టు రోడ్డు వైపు చూశాడు.

"ఏ షిఫ్టు?"

"షిఫ్టంటూ లేదు. రోజుకో టైము. పంచాంగం చూసి చెప్తారు."

"రోజుకో టైమా? అదేం ఉజ్జోగంరా బాబూ." అని పెద్దగా నవ్వాడు. లోపలినుంచి రమణమ్మ కూడా నవ్వింది, సేమియా డబ్బా మూత తీసిన చప్పుడుతో కలిపి. నవ్వు ఆగాక సత్తిరాజు మంచం మీద కొంచెం జరిగి కొడుక్కి చోటిచ్చాడు.

"అయితే రేపు ఎన్నింటికి లేపాల్రా నిన్ను?" అని అడిగాడు.